మన బిడ్డల చదువును ఏ భాషలో కొలుస్తున్నారు?

(కృష్ణగిరి జిల్లాలో తెలుగు తల్లిదండ్రుల సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగపాఠం)



నిర్వాహకులు నన్ను మాతృభాషలో చదువుకొనే హక్కును గురించి మాట్లాడమన్నారు. పదిహేనేళ్ళుగా నేను మాట్లాడుతున్నది అదే. బడి కావాలి, తెలుగు పంతులు కావాలి, తెలుగు పుస్తకం కావాలి అని అర్జీలు రాశాము, ధర్నాలు చేశాము, న్యాయస్థానాల మెట్లెక్కాము. ఆ పోరాటమంతటిలోనూ మనం చేయి పెట్టని మూల ఒకటి మిగిలిపోయింది. బడికి వెళ్ళిన బిడ్డ ఏమి నేర్చుకున్నాడు? నేర్చుకున్నాడో లేదో ఎవరు కొలుస్తున్నారు, ఏ భాషలో కొలుస్తున్నారు? ఇవాళ ఆ ఒక్క విషయానికే పరిమితమవుతాను.

ముందుగా ఒక చిన్నపిల్ల సంగతి చెబుతాను. మూడో తరగతి చదువుతున్నది. ఇంట్లో తెలుగు, వీధిలో తెలుగు. ఊరి బడిలో తెలుగు విభాగం లేనందువల్ల తమిళ మాధ్యమంలో చేర్చారు. ప్రోగ్రెస్ కార్డులో లెక్కల దగ్గర అన్నిటికన్నా కింది స్థాయి వేశారు. తండ్రి ఆ కార్డు పట్టుకొని నా కార్యాలయానికి వచ్చి, "అయ్యా, మా పాపకు లెక్కలు తలకెక్కడం లేదంట, ఏం చేసేది?" అన్నాడు. పాప వెంటనే ఉంది. సంచిలో పరీక్ష కాగితం ఉంటే తీయించాను. బుట్టలో 45 మామిడిపండ్లు ఉన్నాయి, 18 అమ్మారు, మిగిలినవి ఎన్ని అన్నది ప్రశ్న. తమిళంలో చివరి మాట "మీది ఎవ్వళవు" అని ఉంది. జవాబు చోటు ఖాళీ.

"ఎందుకమ్మా రాయలేదు?" అని అడిగాను. ఆ పాప నా ముఖం చూసి, "మీది ఎంతో నాకెట్ల తెలుస్తాది సార్?" అంది.

తమిళంలో "మీది" అంటే మిగిలినది. తెలుగింటి పాపకు "మీది" అంటే మీకు చెందినది. అదే లెక్కను మన మాటల్లో చెప్పాను. వేళ్ళు కూడా ముడవకుండా 27 అంది. తీసివేత ఆ పాపకు వచ్చు. రానిది ఒక్క తమిళ మాట. కార్డులో మాత్రం "తమిళంలో ఇంకా మాటలు నేర్చుకోవాలి" అని రాయలేదు, లెక్కలు రావు అని రాశారు. ఆ రాతను తండ్రి నమ్మాడు. రెండేళ్ళు గడిస్తే పాపా నమ్ముతుంది. నేను భయపడేది ఆ నమ్మకానికే.

ఆ టీచరమ్మను నేను నిందించడం లేదు. ఆమెకు ఇచ్చిన కాగితం అది, నింపమన్న పట్టిక అది. కొలబద్ద తయారుచేసిన చోట మన బిడ్డ ఇంటిభాష ఎవరికీ గుర్తుకు రాలేదు. అంతే.

మన రాజ్యాంగానికి గుర్తుంది. 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం నివేదిక వచ్చింది. సరిహద్దులు ఎక్కడ గీసినా ఇటువారు అటు, అటువారు ఇటు మిగిలిపోతారని అప్పుడే తెలుసు. అందుచేత 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350-ఎ అధికరణాన్ని చేర్చారు. భాషాపరమైన అల్పసంఖ్యాకుల బిడ్డలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగినన్ని సౌకర్యాలు కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ, ప్రతి స్థానిక సంస్థా ప్రయత్నించాలని దాని సారాంశం. ఆ రక్షణలు అమలవుతున్నాయో లేదో చూసి రాష్ట్రపతికి నివేదించడానికి 350-బి కింద ప్రత్యేకాధికారిని నియమిస్తారు. ఆయన నివేదికలు పార్లమెంటు ముందుకు వెళతాయి.

"తగినన్ని" అన్న మాటకు కొలత ఏది? 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక లెక్క చెప్పింది: బడి మొత్తంలో నలభై మంది, లేదా ఒక తరగతిలో పదిమంది పిల్లలుంటే వారి భాషలో బోధించే ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. ఆ నలభై, పది అన్న అంకెలను మన పాతతరం కార్యకర్తలు కంఠస్థం చేశారు. నేనూ చేశాను. ఆ లెక్క తలలదే గాని చదువుది కాదు. భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు నివేదికలు తిరగేసినా ముఖ్యంగా కనిపించేవి ఎన్ని బడులు, ఎందరు పిల్లలు, ఎందరు ఉపాధ్యాయులు అన్న పట్టికలే. తెలుగు మాధ్యమంలో ఐదేళ్ళు చదివిన బిడ్డ ఒక పుట తెలుగు చదవగలడా అన్న ప్రశ్నకు ఆ పట్టికల్లో జవాబు దొరకదు. మనమూ అడగలేదు.

అడగనందువల్ల ఏమి జరిగిందో నా అనుభవం ఒకటి చెబుతాను. చెప్పుకోవడానికి సంతోషంగా లేదు. కొన్నేళ్ళ కిందట ఒక తెలుగు బడిలో ఖాళీ అయిన తెలుగు ఉపాధ్యాయ స్థానాన్ని నింపమని కోరుతూ ఒక విద్యాధికారి దగ్గరకు వెళ్ళాను. 350-ఎ అధికరణం, 1949 సూత్రం, పిల్లల సంఖ్య, అన్నీ వరుసగా వినిపించాను. ఆయన ఓపికగా విని, "వకీలు గారూ, మీ బడిలో ఐదో తరగతి పిల్లలకు తెలుగు చదవడం వచ్చా?" అని ఒక్క మాట అడిగాడు. నా ఫైలులో దానికి కాగితం లేదు. "వచ్చే ఉంటుంది" అన్నాను. న్యాయవాది నోట రాకూడని మాట అది. ఆయన నవ్వలేదు గాని నవ్వినంత పనైంది.

మరునాడు ఆ బడికి వెళ్ళాను. కానుగ చెట్టు కింద ఐదో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టుకొని రెండో తరగతి వాచకంలోని చిన్నకథ చదవమన్నాను. ఎనిమిది మంది. ముగ్గురు చక్కగా చదివారు. ఇద్దరు పదం పదం కూడబలుక్కున్నారు. ఒకడు గడగడా చదువుతుంటే మురిసిపోయాను. తీరా చూస్తే వాడి చూపు పుస్తకం మీద లేదు, కథంతా నోటికి వచ్చు. మధ్యలో ఒక మాట మీద వేలు పెట్టి ఇదేమిటని అడిగితే చెప్పలేకపోయాడు. మిగిలిన ఇద్దరికీ ఒత్తులు రావు, గుణింతం సగం వచ్చు. అందరి కార్డుల్లోనూ తెలుగుకు మంచి మార్కులే ఉన్నాయి. ఏడాదిగా తెలుగు చెప్పే మనిషే లేకుండా ఆ మార్కులు ఎక్కడనుండి వచ్చాయి? మనవాడే కదా, మన భాషే కదా అని ఎవరో దయతో వేశారు.

అందుచేత మన బిడ్డలకు రెండు రకాల అన్యాయం జరుగుతున్నది. పరభాషా మాధ్యమంలో చదివేవాణ్ణి వాడికి రాని భాషలో కొలిచి తెలివి తక్కువ అంటున్నారు. తెలుగు బడిలో చదివేవాణ్ణి అసలు కొలవకుండానే అంతా బాగుంది అంటున్నారు. మొదటిది ప్రభుత్వం చేస్తున్నది. రెండవదానిలో మన చేయి కూడా ఉంది.

ఇప్పుడు చట్టం దగ్గరకు వస్తాను. 2009 విద్యాహక్కు చట్టంలో 29వ సెక్షను రెండు మాటలు పక్కపక్కనే చెబుతుంది. బోధనా మాధ్యమం ఆచరణలో సాధ్యమైనంతవరకు బిడ్డ మాతృభాషలో ఉండాలన్నది ఒకటి. ఆ "సాధ్యమైనంతవరకు" అన్న మాటను పట్టుకొని ప్రభుత్వాలు తప్పించుకుంటున్నాయి, నిజమే. బిడ్డకు విషయం ఎంత అర్థమైంది, దాన్ని ఉపయోగించే శక్తి ఎంత ఉంది అన్నదాన్ని సమగ్రంగా, నిరంతరంగా మూల్యాంకనం చేయాలన్నది రెండవది. ఇందులో "సాధ్యమైనంతవరకు" లేదు. కొలవవలసినది బిడ్డ అవగాహనను అని చట్టం చెబుతున్నది. మామిడిపండ్ల లెక్కలో ఆ పాప అవగాహనను ఎవరైనా కొలిచారా? లేదు. కాబట్టి ఆ కార్డులోని స్థాయి చట్టం అడిగిన కొలతే కాదు. మీరు వెళ్ళి జాలి చూపమని అడగవలసిన పని లేదు, చట్టం చెప్పినట్టు కొలవమని అడిగితే చాలు.

24వ సెక్షను ఉపాధ్యాయుల విధులను చెబుతుంది. ప్రతి బిడ్డ నేర్చుకొనే శక్తిని అంచనా వేసి, అవసరమైన బిడ్డకు అదనంగా బోధించాలి. తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై హాజరు, నేర్చుకొనే శక్తి, సాధించిన ప్రగతి ఇవన్నీ తెలియజేయాలి. తెలియజేయడం అంటే మీకు అర్థమయ్యే భాషలో చెప్పడమే కదా. తమిళంలోనో కన్నడంలోనో ఒడియాలోనో రాసిన కాగితం మీద వేలిముద్ర తీసుకోవడం తెలియజేయడం కాదు.

2017లో విద్యాహక్కు నియమాలను సవరించి తరగతివారీగా, విషయంవారీగా అభ్యసన ఫలితాలను నిర్ణయించాలన్నారు. ఎన్‌సీఈఆర్‌టీ ఆ ఏడే ఆ పత్రాన్ని వెలువరించింది. ఏ తరగతి చివర బిడ్డకు ఏమి రావాలి అన్న జాబితా అది. ఆ జాబితాలో ఒకటో తరగతి హిందీ కింద మొదటి అంశమే, బిడ్డ తన భాషను గాని, బడి భాషను గాని, రెండింటినీ గాని వాడుతూ మాట్లాడటం. ఇంటిభాషలో మాట్లాడటం తప్పు కాదని ప్రమాణమే ఒప్పుకుంటున్నది. తరగతిలో తెలుగు మాట నోట వస్తే బిడ్డను మందలించే బడులున్నాయి. ఆ బడులవారికి ఈ పుట చూపించండి.

దేశమంతటా జరిగే సర్వేలను గురించి కొంత గందరగోళం ఉంది. జాతీయ సాధన సర్వే 2017 నవంబరు 13న, 2021 నవంబరు 12న జరిగింది. 2024 డిసెంబరు 4న పరఖ్ పేరిట మూడు, ఆరు, తొమ్మిది తరగతులకు జరిగింది. అవి కొందరు పిల్లలను మాత్రమే తీసుకొని జిల్లా, రాష్ట్రం ఎక్కడున్నాయో చెప్పే లెక్కలు. మీ బిడ్డ సంగతి వాటిలో ఉండదు. జిల్లా పట్టికలో బాలురు, బాలికలు, పల్లె, పట్నం, సామాజిక వర్గం అన్న వరుసలు కనిపిస్తాయి. ఈ జిల్లాలో తెలుగింటి పిల్లలు ఎలా ఉన్నారో ఆ పట్టిక చూసి చెప్పలేము. లెక్కలో కనబడనివారికి నిధులు రావు, పంతుళ్ళు రారు. వాటి సంగతి అంతవరకే.

చదివే వేగం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది భాష తెలిసినవారు పట్టుకోవలసిన తప్పు. 2021 జూలై 5న కేంద్రం నిపుణ్ భారత్ అన్న కార్యక్రమాన్ని ప్రారంభించింది. మూడో తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థం చేసుకుంటూ చదవాలి, సామాన్యమైన లెక్కలు చేయాలి. 2026-27 నాటికి ఇది సాధించాలన్నది లక్ష్యం. మంచి లక్ష్యం, సందేహం లేదు. మూడో తరగతి బిడ్డ నిమిషానికి కనీసం 60 పదాలు చదవాలని అందులో ఒక గుర్తు పెట్టారు. పదాలట! హిందీలో "ఘర్ సే ఆతే సమయ్" అంటే నాలుగు పదాలు. తెలుగులో "ఇంటినుంచి వచ్చేటప్పుడు" అంటే రెండే. హిందీ బిడ్డ, తెలుగు బిడ్డ ఒకే సమయంలో ఒకే అర్థాన్ని చదివి ముగించినా హిందీ బిడ్డకు నాలుగు, మన బిడ్డకు రెండు పడతాయి. మన భాషలో ప్రత్యయాలు మాటకు అతుక్కుంటాయి, సంధులు కలిసిపోతాయి, ఒక్కొక్క మాట పొడవుగా ఉంటుంది. తమిళానికీ, కన్నడానికీ ఇదే ఇబ్బంది. ఎన్‌సీఈఆర్‌టీ ఈ సంగతి గ్రహించింది కాబోలు, 2022 మార్చిలో మూడో తరగతి పిల్లలను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి చదివించిన అధ్యయనంలో 20 భాషలకు వేర్వేరుగా ప్రమాణాలు కట్టింది. ఏ భాషకు ఆ గజమే ఉండాలని కేంద్ర సంస్థే ఒప్పుకున్నట్టు కదా. బడిలో ఎవరైనా గడియారం పట్టుకొని 60 అన్న అంకెతో మీ బిడ్డను భయపెడితే, అది తెలుగుకు కట్టిన ప్రమాణమేనా అని అడగండి.

ఇక్కడ తమిళనాడులో 2022 జూన్‌లో ప్రారంభించిన ఎణ్ణుమ్ ఎళుత్తుమ్ కార్యక్రమాన్ని మీలో చాలామంది ఎరుగుదురు. పిల్లలను అరుంబు, మొట్టు, మలర్ అని మూడు స్థాయిలుగా విభజిస్తారు. బిడ్డ ఎక్కడున్నాడో చూసి అక్కడినుండి నేర్పడం సరైన పద్ధతి, దానికి నా ఆక్షేపణ లేదు. నేను అడిగేది ఇంతే. బిడ్డ ఏ భాషలో అరుంబు? తమిళంలో మొగ్గ తొడుగుతున్న బిడ్డ లెక్కల్లో ఇప్పటికే విచ్చిన పువ్వు కావచ్చు. ఆ సంగతి తెలుగులో అడిగి చూస్తే గాని తెలియదు. ఒకటో తరగతిలో తమిళం ఒక్క మాట రాకుండా చేరిన బిడ్డ మూడేళ్ళలో ఎంత దూరం వచ్చాడు అన్నది ప్రగతి. రెండు కొలతల మధ్య ఉన్న తేడా అది. మొదటి కొలతే వాడి భాషలో తీసుకోకపోతే ఇక తేడా ఎలా తెలుస్తుంది?

మార్కుల విషయంలో రాష్ట్రానికొక న్యాయం. కర్ణాటకలో ఎస్ఎస్ఎల్‌సీకి తెలుగును ప్రథమ భాషగా తీసుకోవచ్చు. దానికి 125 మార్కులు, అవి మొత్తం 625లో కలుస్తాయి. పావగడ, బాగేపల్లి, ముళబాగిలు పిల్లవాడు తెలుగు బాగా చదివితే వాడి ర్యాంకు పెరుగుతుంది. ఇక్కడ 2006 నాటి తమిళ అభ్యసన చట్టం, మనం నిర్బంధ తమిళ చట్టం అంటున్నది, ఒకటో తరగతినుండి ఏడాదికొక మెట్టు ఎక్కి 2015-16లో పదో తరగతిని చేరింది. అప్పటినుండి మినహాయింపుల కోసం ఏటేటా న్యాయస్థానాల చుట్టూ తిరిగాము. 2023 ఫిబ్రవరి 6న కూడా సుప్రీంకోర్టు ఒక్క ఏడాదికే పొడిగించింది. ఐచ్ఛికంగా రాసిన తెలుగు పరీక్ష మార్కులు చాలా ఏళ్ళు 500ల మొత్తంలో కలవలేదు. కలవని మార్కు కోసం ఏ బిడ్డ రాత్రి మేలుకొని చదువుతాడు? యానాంలో చాలాకాలం ఆంధ్రప్రదేశ్ పదో తరగతి పరీక్షే ఉండేది. పుదుచ్చేరి ప్రభుత్వ బడులు ఇటీవల సీబీఎస్ఈకి మారడంతో అక్కడ కూడా కొలత మారింది. బరంపురం, రాయగడ, సోలాపురం మిత్రులు తమ తమ కథలు చెబుతారు. ఒడిశా గురించి ఒక మాట మాత్రం చెప్పాలి. సవర, కువి, కోయ వంటి గిరిజన భాషల్లో చిన్న తరగతులు మొదలుపెట్టి చూపించిన రాష్ట్రం అది. ఇంటిభాషలో మొదలుపెట్టడం పాలనకు అసాధ్యమేమీ కాదని ఒడిశాను చూసి అయినా ఒప్పుకోవాలి.

నేను చెబుతున్నదానికి మనవాళ్ళలోనే ఒక గట్టి ఆక్షేపణ ఉంది. మొన్న ఒక పెద్దాయన, ఈ ఉద్యమంలో నాకన్నా ముందునుండి ఉన్నవారు, నన్ను పక్కకు పిలిచి, "నాయనా, బడి మూసేదానికి సాకు వెతుకుతున్నవాడి చేతికి నువ్వే కత్తి ఇస్తున్నావు. మన పిల్లలకు చదవడం రాదని మనమే రాసిస్తే రేపు ఆ బడి ఉంటుందా?" అన్నారు. ఆయన భయం ఊరికే వచ్చినది కాదు. పిల్లలు తక్కువన్న కారణంతో బడులను కలిపేయడం మన కళ్ళెదుట జరిగింది. పిల్లలకు చదువు రాలేదు కాబట్టి బడి మూయవచ్చని ఏ చట్టమూ చెప్పదు. చదువు రాకపోతే అదనంగా బోధించాలనే 24వ సెక్షను చెబుతుంది. న్యాయవాదిగా ఆయనకు ఇదే చెప్పాను. అయినా పుస్తకంలోని చట్టానికీ, జిల్లా కార్యాలయంలోని చట్టానికీ మధ్య ఉన్న దూరం ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ ప్రమాదం లేదని అనను. కొలవకపోయినందువల్ల బడులు నిలబడ్డాయా అన్నది ఆలోచించండి. బిడ్డకు చదువు రావడం లేదని గ్రహించిన తల్లి అర్జీ పెట్టదు, సభకు రాదు. జూన్ నెలలో ఆ బిడ్డను తీసి పక్క ఊరి ఇంగ్లీషు బడిలో వేస్తుంది. అప్పుడు నలభై ముప్పై అవుతుంది, పది ఆరవుతుంది. మూయడానికి వారికి వేరే కత్తి అక్కరలేదు.

మన సంఘాలే నడిపే బడుల సంగతి చెబితే కొందరికి కోపం రావచ్చు. 2014 మే 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం రెండు తీర్పులిచ్చింది. కర్ణాటక కేసులో, బిడ్డ మాతృభాష ఏదో నిర్ణయించేది తల్లిదండ్రులే, ప్రభుత్వం కాదని చెప్పింది. అదేరోజు ప్రమతి కేసులో, అల్పసంఖ్యాకుల బడులకు విద్యాహక్కు చట్టం వర్తించదని చెప్పింది. 2025 సెప్టెంబరు 1న ఇద్దరు న్యాయమూర్తులు ఈ రెండవదానిపై సందేహం వెలిబుచ్చి విస్తృత ధర్మాసనం పరిశీలనకు పంపారు. ప్రమతి తీర్పు మన సంఘాలకు స్వేచ్ఛ ఇచ్చింది గాని, అదే తీర్పు వల్ల మన సంఘం బడిలో చదివే బిడ్డ తండ్రికి 24వ సెక్షను చూపి అడిగే దారి లేకుండా పోయింది. ప్రభుత్వ బడి పంతులుగారిని అడిగినదే మన కార్యదర్శిగారిని కూడా అడగవలసి ఉంది. చట్టం బలవంతపెట్టనంత మాత్రాన మన బిడ్డ తండ్రికి మనం జవాబుదారులం కాకుండా పోతామా?

ఇక పని విషయం. బడిలో చేర్చేటప్పుడు నింపే పత్రంలో మాతృభాష అన్న గడి ఉంటుంది. యూడైస్ ప్లస్ పేరిట దేశమంతటా ప్రతి బిడ్డ వివరాలూ ఎక్కించే చోట కూడా అది ఉంటుంది. చాలా బడుల్లో అడగకుండానే రాష్ట్రభాష పేరు రాసేస్తున్నారు. తరతరాలుగా ఇక్కడున్నాం కదా, బయట తమిళమే మాట్లాడుతున్నాం కదా అని మనమూ ఊరుకుంటున్నాము. 2014 తీర్పు ప్రకారం ఆ గడిలో ఏమి రాయాలో చెప్పే అధికారం మీది. నేను "మీది" అన్నది తెలుగు మాట. (నవ్వులు) రేపు బడికి వెళ్ళి ఆ గడి చూడండి. తప్పుగా ఉంటే దిద్దమని రాతపూర్వకంగా అడిగి, నకలు మీద సంతకం తీసుకోండి. ఆ గడి తప్పైతే మన పిల్లల లెక్కలు ఏనాటికీ విడిగా బయటకు రావు.

రెండవది, చదువును మనమే చూసుకోవడం. 2005 నుండి ప్రథమ్ సంస్థ అసర్ సర్వేలో పల్లెల్లో ఇంటింటికీ వెళ్ళి చేస్తున్నదే ఇది. అక్షరాలు, చిన్న మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ అని నాలుగు ముక్కలున్న ఒక్క కాగితం. బిడ్డ ఎక్కడిదాకా చదవగలిగితే అక్కడ గుర్తు పెట్టుకోవడం. బిడ్డకు నోటికి వచ్చిన పాఠం వద్దు, కొత్తది ఇవ్వండి, ఆ కానుగ చెట్టు కింద నేను మోసపోయినట్టు మీరు పోవద్దు. లెక్కను ముందు బడిభాషలో, తరువాత తెలుగులో అడగండి. రెండింటి జవాబులనూ పక్కపక్కన రాసుకోండి. బిడ్డ "వస్తా ఉండాడు" అని చదివినా, "యాడికి" అని చెప్పినా తప్పు పెట్టవద్దు. అది మన పలుకుబడి, చదవడం రాకపోవడం కాదు. పక్కింటివాడితో పోల్చవద్దు. మూడు నెలలకు మళ్ళీ అదే కాగితంవంటి మరో కాగితం ఇచ్చి, బిడ్డను తన పాత గుర్తుతోనే పోల్చండి. తేదీ తప్పక వేయండి. తేదీ లేని కాగితం న్యాయస్థానంలో పనికిరాదు.

మామిడిపండ్ల లెక్క పాప సంగతి ముగించలేదు. అలా రెండు వరుసల్లో రాసిన కాగితమే తీసుకొని ఆ తండ్రి, నేను బడికి వెళ్ళాము. తమిళ వరుసలో పది లెక్కలకు మూడు సరి, తెలుగు వరుసలో ఎనిమిది సరి. టీచరమ్మ చాలాసేపు ఆ కాగితాన్నే చూసింది. తనకు తెలుగు రాదు, తరగతిలో పెద్దపిల్ల ఒకర్ని పక్కన కూర్చోబెట్టి ప్రశ్నను తెలుగులో చెప్పిస్తానన్నది. తరువాతి కార్డులో స్థాయి ఒక మెట్టు పెరిగింది. తెలుగు పంతులు మాత్రం ఇంకా రాలేదు, దాని అర్జీ నా దగ్గరే నడుస్తున్నది. ఈసారి ఆ అర్జీ వెనుక చట్టం కాగితాలతోపాటు ఈ కాగితం కూడా జతచేశాను.

అలాంటి ఖాళీ పత్రాలు ద్వారం పక్క బల్లమీద పెట్టించాము. ఇంటికి ఒకటి తీసుకువెళ్ళండి. నింపినవాటిని వచ్చే రెండో శనివారంలోగా మీ ఊరి కార్యకర్తకు అందజేయండి. పిల్లల పేర్లు బయటపెట్టము, ఊరు, తరగతి, తేదీ చాలు. చదవడం రానివారు మొహమాటపడవద్దు, భోజనాల తరువాత మన యువకులు ఇక్కడే కూర్చొని నింపి పెడతారు.